బాస్ లేని నౌకాదళం: ఆన్‌లైన్ అంతరిక్షంలో సమానత్వం ఎలా నిలుస్తుంది?

కోల్‌కతాలో హుగ్లీ నది ఒడ్డున గార్డెన్ రీచ్ ఉంది. 1884లో చిన్న ప్రైవేటు వర్క్‌షాప్‌గా మొదలైన అక్కడి ఓడల కర్మాగారాన్ని 1960లో కేంద్ర ప్రభుత్వం తీసుకుంది. మరుసటి ఏడాదే అది ఐఎన్ఎస్ అజయ్‌ను నౌకాదళానికి అప్పగించింది. స్వతంత్ర భారతదేశంలో తయారైన తొలి యుద్ధనౌక అదే. కమోర్తా, కద్మత్, కిల్తాన్, కవరత్తి నౌకలు కూడా గార్డెన్ రీచ్‌లోనే రూపుదిద్దుకుని, 2014 నుంచి 2020 మధ్య విశాఖపట్నంలో నౌకాదళంలో చేరాయి.

ఇలాంటి ఓడ ఒకటి సముద్రంలోకి దిగాలంటే వేలమంది ఏళ్ల తరబడి పనిచేయాలి. వాళ్లకు నెల జీతం ఉంటుంది. పైన అధికారి ఉంటాడు. పనికి తగ్గ ఒప్పందం ఉంటుంది. ఈ మూడూ లేకుండా, ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు కలిసి పెద్ద ఓడను కట్టగలరా? కట్టాక దాన్ని సమానంగా పంచుకోగలరా?

ఈ ప్రశ్నను రోజూ పరీక్షిస్తున్న చోటు ఒకటుంది. ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌కు చెందిన సీసీపీ గేమ్స్ సంస్థ 2003 మే 6న విడుదల చేసిన 'ఈవ్ ఆన్‌లైన్' అనే అంతరిక్ష ఆట అది. వేల నక్షత్ర మండలాలున్న ఒకే విశ్వంలో ప్రపంచం నలుమూలల ఆటగాళ్లు కలిసి ఆడతారు. గనులు తవ్వేది వాళ్లే, ఓడలు కట్టేది వాళ్లే, అమ్మేదీ కొనేదీ వాళ్లే. ఇందులో ఓడ పేలిపోతే తిరిగి రాదు. దాని వెనుక పెట్టిన వారాల శ్రమ కూడా దానితోనే పోతుంది. అందుకే ఇక్కడి సహకారానికి, ద్రోహానికి నిజమైన బరువు ఉంది.

ఒక్క క్లిక్కుతో కూలిన కూటమి

ఈవ్‌లో ఆటగాళ్ల బృందాన్ని 'కార్పొరేషన్' అంటారు. అలాంటి కొన్ని కార్పొరేషన్లు కలిస్తే 'అలయన్స్', అంటే కూటమి. ఆటలోకెల్లా పెద్ద ఓడలైన 'టైటన్'లలో మొదటిది 2006లో తయారైంది. ఒక కూటమిలోని సభ్యులంతా నెలల తరబడి ఖనిజాలు కూడబెట్టి దాన్ని కట్టారు. అదే ఏడాది డిసెంబరులో శత్రువులు దాన్ని పేల్చేశారు.

యుద్ధంలో పోతే అదొక లెక్క. ఇంటి దొంగ వల్ల పోతే మరో లెక్క. 2005లో 'గైడింగ్ హ్యాండ్ సోషల్ క్లబ్' అనే బృందం ఒక పెద్ద కార్పొరేషన్‌లోకి తన మనుషులను పంపింది. వాళ్లు సుమారు ఏడాది పాటు నమ్మకంగా పనిచేసి గోదాముల తాళాలు సంపాదించారు. ఒకే రోజున సర్వం ఊడ్చుకుపోయారు. ఆనాటి పత్రికలు ఆ నష్టాన్ని నిజమైన డబ్బులో సుమారు 16,500 డాలర్లుగా లెక్కగట్టాయి. 2009 ఫిబ్రవరిలో 'బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్' అనే మహా కూటమిని దాని డైరెక్టర్లలో ఒకరు శత్రుపక్షమైన గూన్‌స్వార్మ్‌లోకి ఫిరాయించి రద్దు చేసేశారు. వేలమంది ఏళ్లుగా కట్టుకున్నది ఒక్క మనిషి అనుమతితో చెదిరిపోయింది. విచిత్రం ఏమిటంటే, అదే గూన్‌స్వార్మ్ మరుసటి ఏడాది తన సొంత నాయకుడి చేతిలోనే నిధులు, ఓడలు పోగొట్టుకుంది. కంచే చేను మేయడమంటే ఇదే.

ఈ సంఘటనల్లో ఎవరూ సాఫ్ట్‌వేర్‌ను హ్యాక్ చేయలేదు. తమకు ఇచ్చిన అనుమతులనే వాడుకున్నారు. లోపం ఆ అనుమతులు పంచిన తీరులో ఉంది. ఈవ్‌లో ప్రతి కార్పొరేషన్‌కు తప్పనిసరిగా ఒక సీఈఓ ఉండాలి. ఆయన నియమించే డైరెక్టర్లకు దాదాపు అన్ని తాళాలూ తెరుచుకుంటాయి. 'మేమంతా సమానం' అనుకునే బృందం కూడా ఈ అచ్చులోనే పుట్టాలి. అంటే ఇక్కడ సమానత్వం దానంతటదే రాదు. నిచ్చెన మెట్లలా ఉన్న వ్యవస్థ మీద సభ్యులే దాన్ని కట్టుకోవాలి.

మంచితనం ఎందుకు చాలదు?

సమానత్వం నమ్మే మిత్రులు కొందరు చేరితే చాలదా? దీనికి ప్రయోగశాలలు ఎప్పుడో సమాధానం చెప్పాయి.

నలుగురు ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరి చేతిలో 20 రూపాయలు ఉన్నాయి. ఎవరికి తోచినంత వాళ్లు ఉమ్మడి హుండీలో వేయవచ్చు. హుండీలో పడిన మొత్తాన్ని 1.6 రెట్లు చేసి నలుగురికీ సమానంగా పంచుతారు. అందరూ మొత్తం వేస్తే హుండీలో 80 రూపాయలు పడతాయి, అవి 128 అవుతాయి, తలా 32 వస్తుంది. అందరికీ లాభమే. కానీ ఒకరు మాత్రం ఏమీ వేయలేదనుకోండి. అప్పుడు 60 రూపాయలు 96 అవుతాయి, తలా 24 వస్తుంది. వేయనివాడి దగ్గర తన 20తో కలిపి 44 ఉంటుంది. సొమ్మొకడిది, సోకొకడిది! ఆటను మళ్లీ మళ్లీ ఆడిస్తే మొదట్లో ఉదారంగా వేసినవాళ్లు కూడా క్రమంగా చేయి వెనక్కి తీసుకుంటారు. చెడ్డవాళ్లు కావడం వల్ల కాదు, మోసపోవడం ఇష్టంలేక.

స్విట్జర్లాండ్‌లో ఎర్నెస్ట్ ఫేర్, సైమన్ గెక్టర్ 240 మంది విద్యార్థులతో ఈ ఆటను మరో మలుపుతో ఆడించి, ఫలితాలను 2002లో 'నేచర్' పత్రికలో ప్రచురించారు. ఎవరైనా తన జేబులోంచి 1 యూనిట్ ఖర్చుపెడితే, ఎగ్గొట్టినవాడికి 3 యూనిట్ల జరిమానా పడుతుంది. తిరిగి ఎదురుపడని అపరిచితుల మధ్య కూడా చాలామంది సొంత ఖర్చుతో జరిమానాలు వేశారు. జరిమానా వీలున్నప్పుడు విరాళాలు పెరిగాయి. వీలు లేనప్పుడు తగ్గిపోయాయి.

అయితే జరిమానా రెండువైపులా పదునున్న కత్తి. 2008లో 16 నగరాల్లో జరిపిన ఇలాంటి అధ్యయనంలో, కొన్నిచోట్ల ఎగ్గొట్టినవాళ్లు బాగా విరాళం ఇచ్చినవాళ్లనే శిక్షించారు. కాబట్టి శిక్షించే అధికారం ఎవరి చేతిలోనైనా ఉంటే సరిపోదు. ఎప్పుడు, ఎంత, ఎవరు విధించాలన్నది ముందే అందరూ ఒప్పుకుని ఉండాలి.

ఆస్ట్రమ్ చెప్పిన దారి

ఉమ్మడి వనరు ఎప్పుడూ పాడవక తప్పదని, దాన్ని ప్రభుత్వానికో ప్రైవేటుకో అప్పగించాలని ఒకప్పుడు చాలామంది నమ్మేవారు. అమెరికా శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ వాస్తవ ఉదాహరణలను పరిశీలించారు. స్విస్ పచ్చిక బయళ్లు, జపాన్ అడవులు, స్పెయిన్ కాలువలు, ఫిలిప్పీన్స్ నీటి సంఘాలు. వీటిలో కొన్నింటిని సామాన్య జనమే వందల ఏళ్లుగా నడుపుకుంటున్నారు. ఎక్కడ నిలిచాయి, ఎక్కడ కూలాయి అని పోల్చి, నిలిచినవాటిలో కనిపించే ఎనిమిది లక్షణాలను 1990లో ప్రకటించారు. 2009లో ఆమెకు అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న తొలి మహిళ ఆమే.

ఆ లక్షణాలు అంతరిక్ష బృందానికీ అతికినట్టు సరిపోతాయి. ముఖ్యమైనవి చూద్దాం.

మొదటిది హద్దు. ఎవరు సభ్యులో స్పష్టంగా తెలియాలి. ఆన్‌లైన్ ఆటలో ఇది అనుకున్నంత సులువు కాదు. ఒకే మనిషి రెండు మూడు పాత్రలతో, వేర్వేరు ఖాతాలతో ఆడవచ్చు. 'మనిషికో ఓటు' అని రాసుకుని 'పాత్రకో ఓటు' ఇచ్చేస్తే, పది పాత్రలున్నవాడు పదిమందితో సమానం. అందుకే ఓటు హక్కుకు కొన్ని నెలల సభ్యత్వం, పాత సభ్యుల హామీ, మాట్లాడే సమావేశాలకు హాజరు వంటి షరతులు అవసరమవుతాయి.

రెండోది శ్రమకు తగిన పాలు. వారాంతంలో రెండు గంటలు మాత్రమే ఆడే ఉద్యోగికి, రోజంతా ఆడే విద్యార్థికి ఒకే కోటా పెడితే అది న్యాయం అనిపించదు. నిర్ణయాల్లో అందరికీ సమానమైన ఓటు, రాబడిలో పనిని బట్టి వాటా. ఈ రెండింటినీ విడిగా చూడటం నేర్చుకున్న బృందంలో తగవులు తగ్గుతాయి.

మూడోది నిఘా. ఈవ్‌లో కార్పొరేషన్ ఖాతాలోకి వచ్చిపోయే ప్రతి మొత్తం చిట్టాలో నమోదవుతుంది. సరుకు ఎవరు పెట్టారో, ఎవరు తీశారో రాసిపెట్టే ప్రత్యేక పెట్టెలు కూడా ఆటలో ఉన్నాయి. చిట్టా ఉండటం ఒక ఎత్తు, దాన్ని సభ్యులందరి ముందు క్రమం తప్పకుండా పెట్టడం మరో ఎత్తు. లెక్క చూసే పని ఒక్కరికే ఉంటే ఆ ఒక్కరే కొత్త బాస్ అవుతారు.

నాలుగోది మెట్టు మెట్టుగా శిక్ష. మొదటి తప్పుకు మాట, రెండోదానికి కొద్దిరోజుల పాటు గోదాముకు దూరం, చివరకు తొలగింపు. తొలిసారే గెంటేస్తే మిగతావాళ్లు భయపడతారు. ఎన్నడూ ఏమీ అనకపోతే హుండీ ఆటలోలాగే ఒక్కొక్కరూ చేయి వెనక్కి తీసుకుంటారు.

యుద్ధంలో ఓటింగ్ కుదురుతుందా?

సమానత్వాన్ని వ్యతిరేకించేవారు వేసే తొలి ప్రశ్న ఇది. శత్రువు ఎదురుగా ఉన్నప్పుడు చర్చలు పెట్టలేం. నిజమే. 2014 జనవరి 27న మొదలై సుమారు 21 గంటలు సాగిన ఒక్క పోరులోనే 7,500 మందికి పైగా పాల్గొన్నారు, 75 టైటన్లు ధ్వంసమయ్యాయి. మొత్తం నష్టం విలువ నిజమైన డబ్బులో సుమారు 3 లక్షల డాలర్లని అంచనా. అలాంటి చోట ఒక్క గొంతే వినిపించాలి. అయితే ఆ పోరు ఎలా మొదలైందో గమనించండి. ఒక మండలం మీద హక్కు నిలుపుకోవడానికి కట్టాల్సిన బిల్లు సమయానికి చెల్లింపు కాలేదు. పోరుకు తలుపు తెరిచింది ఒక గుమాస్తా పని.

ఇక్కడ ఒక ఊహించని ఉదాహరణ ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు సముద్రపు దొంగల ఓడలను అమెరికా ఆర్థికవేత్త పీటర్ లీసన్ 2007లో ఒక పరిశోధన పత్రంలో విశ్లేషించారు. ఆ ఓడల్లో కెప్టెన్‌ను నావికులే ఎన్నుకునేవారు. పోరు జరుగుతున్నంతసేపు ఆయన మాటే శాసనం. పోరు ముగియగానే తిండి పంచడం, దోపిడీ సొమ్ము పంచడం, శిక్షలు వేయడం క్వార్టర్‌మాస్టర్ అనే మరో వ్యక్తి చేతిలోకి వెళ్లేవి. ఆయన్నూ నావికులే ఎన్నుకునేవారు. అంటే కత్తి పట్టినవాడి చేతిలో గోదాము తాళం లేదు.

అంతరిక్ష బృందానికి ఇదే సూత్రం పనికొస్తుంది. దండు నడిపే అధికారం ఆ ఒక్క యాత్రకే. అది ముగియగానే ఆయన మళ్లీ మామూలు సభ్యుడు. ఖజానా వేరొకరి దగ్గర ఉంటుంది. చిట్టా చూసేది మూడో మనిషి.

తొందరలేని నిర్ణయాల విషయంలో మాత్రం ఓటుకు గణితం తోడుంది. 1785లో ఫ్రెంచి గణితవేత్త కోండొర్సే చూపించిన లెక్క ఇది. 'అవును, కాదు' ప్రశ్నకు ఒక్కో సభ్యుడు సరైన జవాబు చెప్పే అవకాశం 60 శాతం అనుకుందాం. 11 మంది విడివిడిగా ఆలోచించి ఓటేస్తే మెజారిటీ సరైనది కావడానికి అవకాశం సుమారు 75 శాతం. ఇందులో కీలకమైన మాట 'విడివిడిగా'. అందరూ ఒకే పెద్ద గొంతును అనుసరిస్తే 11 ఓట్లు ఒక్క ఓటుతో సమానం. సగటు సభ్యుడి అంచనా 50 శాతం కంటే తక్కువైతే మెజారిటీ ఇంకా ఎక్కువగా తప్పుతుంది. అంటే ఓటుకు ముందు సమాచారం అందరికీ చేరాలి.

నష్టాన్ని పంచుకునే లెక్క

చాలా బృందాలు యుద్ధంలో ఓడ పోగొట్టుకున్న సభ్యుడికి ఉమ్మడి నిధి నుంచి మరో ఓడ ఇస్తాయి. ఇది దయ అనిపిస్తుంది కానీ, దీని వెనుక గట్టి గణాంక సూత్రం ఉంది. ఒంటరిగా ఆడేవాడికి ఒక నెల ఏమీ పోదు, మరో నెల అంతా పోతుంది. 25 మంది తమ నష్టాలను కలిపి సమంగా భరిస్తే, ఒక్కొక్కరి వాటాలో ఈ ఎగుడుదిగుడు అయిదో వంతుకు తగ్గుతుంది. సభ్యుల సంఖ్యకు వర్గమూలం ఎంతో అన్ని రెట్లు తగ్గుదల. 100 మంది కలిస్తే పదో వంతు.

అయితే ఆ నష్టాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి. అందరి ఓడలూ ఒకే పోరులో పోతే నిధి ఆదుకోలేదు. అందుకే పెద్ద యుద్ధానికి ముందు 'ఇందులో ఎంతవరకు తిరిగి ఇవ్వగలం' అని బృందం తేల్చుకోవాలి. తర్వాత తేల్చుకుంటే తగవే.

కనిపించని పెద్దలు

'మాకు నాయకులే లేరు' అని చెప్పుకునే బృందాలకు మరో ప్రమాదం ఉంది. 1970ల తొలినాళ్లలో అమెరికా స్త్రీవాద రచయిత్రి జో ఫ్రీమన్ దీన్ని గుర్తించారు. పదవులు లేని సంఘాల్లో అధికారం మాయం కాదు, స్నేహాల చాటుకు వెళ్తుంది. ఎవరు ఎవరికి దగ్గరో, ఎవరికి ఖాళీ సమయం ఎక్కువో వాళ్ల మాట నెగ్గుతుంది. పదవి లేదు గనుక వాళ్లను దించడం కూడా కుదరదు. ఆన్‌లైన్‌లో దీనికి భౌగోళికమైన కోణం కూడా ఉంది. చర్చలు ఐరోపా సాయంత్రాల్లో జరిగితే, మన దేశంలో ఉన్న సభ్యుడు అర్ధరాత్రి మేలుకోవాలి, లేదంటే తీర్మానం అయిపోయాక తెలుసుకోవాలి. ఓటింగ్‌ను కనీసం రెండు మూడు రోజులు తెరిచి ఉంచడం చిన్న సవరణే అయినా పెద్ద తేడా తెస్తుంది. పదవులకు పేరు, గడువు, దించే పద్ధతి ఉండాలని ఫ్రీమన్ చెప్పింది ఇందుకే.

బృందం పరిమాణం కూడా లెక్కలోకి వస్తుంది. 10 మంది మధ్య 45 జంటలు ఉంటాయి. 50 మంది అయితే 1,225. 150 మంది అయితే 11,175. మనుషులు అయిదు రెట్లు పెరిగితే పరిచయాల దారులు 27 రెట్లు పెరుగుతాయి. ఒక స్థాయి దాటాక ముఖపరిచయం మీద నమ్మకం నిలవదు. ఆస్ట్రమ్ ఎనిమిదో లక్షణం దీనికి మందు. పెద్ద బృందాన్ని చిన్న జట్లుగా విడదీసి, ప్రతి జట్టు నుంచి ప్రతినిధిని పంపి, ఆ ప్రతినిధిని వెనక్కి పిలిచే హక్కు జట్టుకే ఉంచడం.

తెలుగు ఊళ్లలో తెలిసిన సూత్రమే

ఇవన్నీ వింటుంటే తెలుగువారికి ఎక్కడో విన్నట్టు అనిపించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పొదుపు సంఘాలు నడిచే తీరు ఇదే. ఒక్కో సంఘంలో పది నుంచి ఇరవై మంది లోపు మహిళలు. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సంఘంలోనే అప్పులు, సమయానికి తిరిగి చెల్లింపు, ఎప్పటికప్పుడు పుస్తకాలు రాయడం. వీటిని పంచసూత్రాలు అంటారు. చిన్న సంఘాలు కలిసి గ్రామ సంఘం, గ్రామ సంఘాలు కలిసి మండల సమాఖ్య అవుతాయి. సభ్యుల ఎదుటే డబ్బు లెక్కపెట్టడం అపనమ్మకానికి గుర్తు కాదు. లెక్క చూసే సభ్యురాలికి, చూపించే సభ్యురాలికి మధ్య రేపు కూడా నమ్మకం మిగలడానికి పెట్టుకున్న ఏర్పాటు అది.

అంతరిక్ష ఆటగాళ్లు కలిసి చేసిన పనికి ఒక శాస్త్రీయ ఫలితం కూడా ఉంది. 2016లో ఈవ్ లోపలే 'ప్రాజెక్ట్ డిస్కవరీ' అనే చిన్న ఆట పెట్టారు. మానవ కణాల సూక్ష్మచిత్రాల్లో ప్రొటీన్లు ఎక్కడున్నాయో ఆటగాళ్లు గుర్తించాలి. 3,22,006 మంది కలిసి సుమారు 3.3 కోట్ల వర్గీకరణలు చేశారని 2018లో 'నేచర్ బయోటెక్నాలజీ' పత్రిక ప్రచురించింది. ఒక్కరి తీర్పు మీద ఆధారపడకుండా, ఒకే చిత్రాన్ని చాలామందికి చూపి వచ్చిన జవాబులను కలిపారు.

ఒక ప్రశ్నతో పరీక్ష

కొత్తగా సమాన బృందం పెట్టుకునేవారు పెద్ద రాజ్యాంగం రాయక్కర్లేదు. సీఈఓ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోక తప్పదు గనుక, ఆ కుర్చీకి గడువు పెట్టాలి. కార్పొరేషన్ వాటాలను సభ్యులకు పంచితే, వాటాదారుల ఓటుతో సీఈఓను మార్చే ఏర్పాటు ఆటలోనే ఉంది. రోజువారీ సామాన్లున్న గోదామును అందరికీ తెరిచి, విలువైనవాటిని వేర్వేరు చోట్ల, వేర్వేరు చేతుల్లో ఉంచాలి.

ఆ తర్వాత నెలకోసారి ఒక ప్రశ్న వేసుకోవాలి: మనలో ఏ ఒక్కరైనా ఈ రాత్రి మనసు మార్చుకుంటే, తెల్లారేసరికి ఎంత పోతుంది? జవాబు 'ఒక వారం శ్రమ' అయితే బృందం తట్టుకుంటుంది. జవాబు 'అంతా' అయితే, అక్కడ ఎన్ని ఓట్లు వేసుకున్నా ఒక యజమాని ఉన్నట్టే. ఆ యజమాని ఎవరన్నది ఇంకా బయటపడలేదు, అంతే.